పాల కేంద్రం బోర్డుకు ఏ డ్రైవర్ మంచిది? వాడి చూసిన ఎల్‌ఈడీ మ్యాట్రిక్స్ చిప్‌లపై సమీక్ష

మా ఊరి పాల కేంద్రంలో పాలు పోసిన రైతుకు తన పేరు, పోసిన లీటర్లు, ఫ్యాట్ శాతం, వచ్చే డబ్బు ఎదురుగా కనిపించేలా ఒక ఎల్‌ఈడీ బోర్డు చేసిపెట్టమని కేంద్రం నడిపేవారు నన్ను అడిగారు. పాలను పరీక్షించే యంత్రం ఆ అంకెలను సీరియల్ తీగ మీద ఎలాగూ బయటికి పంపుతుంది కాబట్టి, వాటిని అందుకుని దీపాల మీద చూపించడం ఒక ఆదివారం పని అనుకున్నాను. తీరా దిగాక, దీపాలను వెలిగించే డ్రైవర్ చిప్ ఎంపిక దగ్గరే రెండు నెలలు గడిచిపోయాయి. ఈ రెండు నెలల్లో కొన్నవి, బిగించినవి, విప్పేసినవి ఎలా పనిచేశాయో ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి బోర్డు చేయాలనుకునేవారికి డబ్బు కాకపోయినా కాలమైనా మిగులుతుందని ఆశ.

కోరికలు మూడే. పేరు తెలుగులో రావాలి. తెల్లవారుజామున చీకట్లోనూ, సాయంత్రం అయిదింటికి పడమటి ఎండ నేరుగా బోర్డు మీద పడుతున్నప్పుడూ నాలుగైదు మీటర్ల దూరం నుంచి చదవగలగాలి. రోజుల తరబడి ఆపకుండా నడిచినా ఎవరూ వచ్చి స్విచ్ ఆపి వేయాల్సిన అవసరం రాకూడదు. నాలుగో కోరిక ఒకటి ఉందని బోర్డు తగిలించాకే తెలిసింది. దాని సంగతి తర్వాత చెబుతాను.

చిప్‌ల మాటకు ముందు ఒక లెక్క అవసరం. మ్యాట్రిక్స్‌లో, అంటే అడ్డం, నిలువు వరుసల్లో పేర్చిన దీపాల పలకలో, దీపాలన్నీ ఒకేసారి వెలగవు. ఒక అడ్డువరుసను వెలిగించి, ఆర్పి, తర్వాతి వరుసకు వెళ్లి, ఈ చుట్టును కంటికి అందనంత వేగంగా తిప్పడమే మల్టీప్లెక్సింగ్. ఎనిమిది వరుసలుంటే ఒక్కో దీపం కాలంలో ఎనిమిదో వంతు మాత్రమే వెలుగుతుంది, కంటికి కనిపించే వెలుగు సగటు కరెంటును బట్టి ఉంటుంది. అంటే సగటున 5 మిల్లీ యాంపియర్ల వెలుగు కావాలంటే, వెలిగే క్షణంలో దీపం గుండా 40 మిల్లీ యాంపియర్లు పంపాలి. పదహారు వరుసలైతే 80 పంపాలి. పైగా ఆ వరుసలోని దీపాలన్నిటి కరెంటూ ఒకే వరుస స్విచ్ గుండా పోతుంది. డ్రైవర్ ఎంపికలో చాలామంది మొదట అడిగే ప్రశ్న ఎన్ని తీగలతో కలపాలి, లైబ్రరీ (ముందే రాసిపెట్టిన ప్రోగ్రామ్) దొరుకుతుందా అని. నేనూ అదే అడిగాను. అడగాల్సింది వరుసలెన్ని, ఒక్కో దీపానికి దక్కే కాలం వాటా ఎంత, వరుస కరెంటును ఎవరు మోస్తారు అని.

మొదట తెచ్చింది అందరూ తెచ్చేదే. హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలో ఏ దుకాణంలో అడిగినా చేతిలో పెట్టేవి మ్యాక్స్ 7219 చిప్ ఉన్న మాడ్యూళ్లు: నాలుగు 8×8 మ్యాట్రిక్స్‌లు ఒకే పలక మీద వరుసగా బిగించి ఉంటాయి. ఈ చిప్‌ను మ్యాక్సిమ్ కంపెనీ తెచ్చింది. 2021 నుంచి ఆ కంపెనీ అనలాగ్ డివైసెస్‌లో భాగం. ఒక్క చిప్ 64 దీపాలను నడుపుతుంది. మూడు తీగలతో 16 బిట్ల చొప్పున సమాచారం పంపితే చాలు, వరుసలు తిప్పే పనంతా తనే చూసుకుంటుంది. వెలుగును 16 మెట్లలో మార్చవచ్చు. ఒక చిప్ నుంచి ఇంకో చిప్‌కు గొలుసులాగా కలుపుకుంటూ పోవచ్చు, మధ్యలో ఉన్నవాటికి ఏ పనీ చెప్పకూడదనుకుంటే ఖాళీ ఆదేశం పంపవచ్చు. బోర్డుకు ఆదేశాలిచ్చే చిన్న కంప్యూటర్ చిప్, అంటే మన మైక్రోకంట్రోలర్, నిద్రపోయినా, ఆగిపోయినా, చివరగా పంపిన బొమ్మ చెక్కుచెదరకుండా వెలుగుతూనే ఉంటుంది. పాత చిప్ అని చిన్నచూపు చూడాల్సిన పని లేదు, చక్కగా ఆలోచించి చేసిన వస్తువు.

అయితే చిప్ వేరు, దాన్ని పెట్టుకుని వచ్చే మాడ్యూల్ వేరు. దీపాల కరెంటును నిర్ణయించేది చిప్ పక్కన ఉండే ఒకే ఒక్క రెసిస్టర్. డేటాషీట్ (చిప్ తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) పట్టిక ప్రకారం 2 వోల్టుల ఎర్ర దీపాలకు 40 మిల్లీ యాంపియర్లు కావాలంటే దాదాపు 11.8 కిలో ఓములు, 20 చాలనుకుంటే 28 కిలో ఓములు పెట్టాలి. నాకు వచ్చిన మాడ్యూళ్లన్నిటిలో 10 కిలో ఓములే ఉన్నాయి. అంటే తయారీదారు చిప్‌ను దాని గరిష్ఠ హద్దు దగ్గర నడుపుతున్నాడన్నమాట. ఆ హద్దు దగ్గర దీపాలన్నీ వెలిగిస్తే చిప్ లోపలే ఒక వాట్ వేడి పుడుతుంది. చిప్ పైతొడుగును బట్టి ఒక వాట్‌కు 75 నుంచి 85 డిగ్రీల దాకా ఉష్ణోగ్రత పెరుగుతుంది. మే నెల మధ్యాహ్నం మూసిన రేకు పెట్టెలో 50 డిగ్రీలు ఉంటే లోపలి సిలికాన్ 125 నుంచి 135 దాకా పోతుంది. చిప్ ఓర్చుకోగలిగిన 150కి ఇంకా కొంత దూరం ఉంది, కానీ ఏళ్ల తరబడి ఉండాల్సిన బోర్డుకు అది నెమ్మదైన బతుకు కాదు. నేను ఆ రెసిస్టర్లను పీకి 28 కిలో ఓములవి వేశాను. నీడలో వెలుగు తేడా పెద్దగా తెలియలేదు, చిప్ మీద వేలు పెట్టి ఉంచగలిగాను.

రెండో చిక్కు వోల్టేజీది. నేను వాడే మైక్రోకంట్రోలర్ ఇఎస్‌పి 32, దాని సంకేతాలు 3.3 వోల్టులవి. మ్యాక్స్ 7219 మాత్రం 5 వోల్టుల మీద నడుస్తూ, కనీసం 3.5 వోల్టులు వస్తేనే దాన్ని ‘ఒకటి’ అని గుర్తిస్తానని డేటాషీట్‌లో స్పష్టంగా చెబుతుంది. చాలామంది నేరుగా కలిపేసి పనిచేస్తోందంటారు. బల్ల మీద పనిచేస్తుంది కూడా. పాల కేంద్రంలో చల్లబరిచే యంత్రం మోటారు ఆన్ అయిన ప్రతిసారీ నా బోర్డు మీద దీపాలన్నీ ఒక్కసారిగా భగ్గున వెలిగి అలాగే ఉండిపోయాయి. కారణం వెతకగా తేలింది ఇది: తీగ మీద పడిన విద్యుత్ గోల వల్ల బిట్లు ఒక స్థానం జరిగి, చిప్‌లో ఆదేశాలు దాచుకునే చిన్న గదుల్లో (రిజిస్టర్లలో) ఒకటైన పరీక్ష రిజిస్టర్‌లోకి ‘ఒకటి’ వెళ్లి కూర్చుంటుంది, ఆ స్థితిలో చిప్ మనం పంపిన బొమ్మను పక్కన పెట్టి అన్ని దీపాలనూ వెలిగిస్తుంది. తప్పు చిప్‌ది కాదు, హద్దు లోపల పెట్టని నా తీగలది. మధ్యలో సంకేతపు వోల్టేజీని పెంచే 74హెచ్‌సిటి125 చిప్ ఒకటి పెట్టాను. హెచ్‌సిటి రకానికి 2 వోల్టులే ‘ఒకటి’గా చాలు, బయటికి మాత్రం 5 ఇస్తుంది. ప్రతి చిప్ కాళ్ల దగ్గరా 10 మైక్రోఫారడ్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు వేశాను. చివరగా, నియంత్రణ రిజిస్టర్లన్నిటినీ సెకనుకోసారి తిరిగి రాసేలా ప్రోగ్రామ్ మార్చాను. ఆ తర్వాత మోటారు ఎన్నిసార్లు తిరిగినా బోర్డు కదలలేదు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి మానుకున్నా మాడ్యూల్‌ను తిట్టే హక్కు మనకు ఉండదని నా అభిప్రాయం.

నకిలీల మాట కూడా చెప్పాలి. ఒక అసలు చిప్ ధరకంటే చిప్, మ్యాట్రిక్స్, పలక కలిసిన మాడ్యూల్ చవకగా వస్తుందంటే అందులో ఉన్నది ఏమిటో ఊహించుకోవచ్చు. నేను కొన్న ఎనిమిదింటిలో రెండు, మిగతావాటితో ఒకే వెలుగు మెట్టు మీద పెట్టినా మసకగానే వెలిగాయి. అన్నీ ఒకే విడతలోవి కొనడం, బిగించే ముందు అన్నిటినీ పక్కపక్కన వెలిగించి చూడటం తప్ప నాకు వేరే దారి దొరకలేదు.

ఇంత శ్రమ పడ్డాక ఈ మాడ్యూల్‌ను నా బోర్డులో ఎందుకు ఉంచలేదంటే, అది చిప్ లోపం కాదు, తెలుగు లిపి తీరు. ఎనిమిది వరుసల్లో అంకెలు అందంగా వస్తాయి, ఇంగ్లీషు అక్షరాలు అయిదింట ఏడు గళ్లలో ఇమిడిపోతాయి. తెలుగుకు పైన తలకట్టో గుడో కావాలి, నడుమ అక్షరం కావాలి, కింద ఒత్తుకు చోటు కావాలి. ‘రాము’ అని ఎలాగో ఇరికించవచ్చు. ‘లక్ష్మి’ అని రాయాలంటే క కింద షకారపు ఒత్తు, దానితో పాటు మకారపు ఒత్తు, నెత్తిన గుడి ఉండాలి. ఎనిమిది వరుసల్లో అది నల్లి నలిపినట్టు ఉంటుంది. ‘వెంకటేశ్వర్లు’ సంగతి సరేసరి. నా అనుభవంలో ఒత్తుల తెలుగు చదవదగ్గట్టు రావాలంటే కనీసం పదహారు వరుసలు ఉండాలి: పైన నాలుగు, నడుమ ఏడు, కింద అయిదు. మాడ్యూళ్లను రెండు వరుసలుగా పేర్చి పదహారు చేసి చూశాను. మొత్తం చిప్‌లు పదహారయ్యాయి, పొడవు 64 గళ్లు, ఎత్తు 16. పేరు వచ్చింది. నీడలో బాగుంది. సాయంత్రపు ఎండలో 20 మిల్లీ యాంపియర్లలో ఎనిమిదో వంతు, అంటే సగటున రెండున్నర, ఏ మూలకూ చాలలేదు. రెసిస్టర్ మార్చి హద్దుకు తీసుకెళ్లినా సగటు అయిదే. అంకెల బోర్డుకు, గది లోపల, ఇది నేను కళ్లు మూసుకుని కొనే చిప్. తెలుగు పేర్ల బోర్డుకు, ఎండలో, కాదు.

హోల్టెక్ వారి హెచ్‌టి 16కె33ను కూడా తెప్పించాను. పెద్ద రూపంలో ఇది 16×8, అంటే 128 దీపాలను నడుపుతుంది, చిప్‌లు మాట్లాడుకునే ఐటూసీ పద్ధతి మీద రెండే తీగలు, ఎనిమిది వేర్వేరు చిరునామాలు, పైగా మీటలు చదివే ఏర్పాటు కూడా ఇందులోనే ఉంది. బల్ల మీద పెట్టుకునే గడియారానికి, మీటలున్న చిన్న పరికరానికి ఇంతకంటే తేలికైనది లేదు. కానీ దీపం కరెంటును మన ఇష్టప్రకారం నిర్ణయించే బయటి రెసిస్టర్ ఇందులో లేదు, 16 మెట్ల మసకబారింపు మాత్రమే ఉంది. సంకేతాల వోల్టేజీ విషయంలో మ్యాక్స్ 7219కు ఉన్న చిక్కే దీనికీ ఉంది. ఇంకా, ఐటూసీ తీగలు పొడవైతే గోల ఎక్కువ. మోటారు పక్కన రెండు మీటర్ల తీగతో దీన్ని నడిపే ధైర్యం నాకు లేకపోయింది. అదే కంపెనీ హెచ్‌టి 1632సిలో 24×16 అమరిక ఉంది. వరుసల సంఖ్య తెలుగుకు సరిగ్గా సరిపోతుంది. అయితే పదహారో వంతు కాలం వాటాతో ఎండకు నిలబడదని లెక్కలోనే తేలిపోయింది కాబట్టి కొనలేదు.

తర్వాత చేసింది ప్రతి ఎలక్ట్రానిక్స్ విద్యార్థీ ఏదో ఒక నాడు చేసేదే: రెడీ చిప్‌ను వదిలేసి విడిభాగాలతో సొంతంగా కట్టడం. నిలువు వరుసలకు 74హెచ్‌సి595 షిఫ్ట్ రిజిస్టర్లు (ఒకే తీగ మీద ఒకదాని వెంట ఒకటి వచ్చే బిట్లను ఎనిమిది కాళ్ల మీదికి పంచే చిప్‌లు), అడ్డువరుసలకు ట్రాన్సిస్టర్లు. ఇక్కడ మొదటి తప్పు అందరూ చేసేదే నేనూ చేశాను. 595 ఒక్కో కాలు 35 మిల్లీ యాంపియర్లు ఓర్చుకుంటుందని చూసి ఎనిమిది కాళ్ల మీదా 20 చొప్పున పెట్టాను. కానీ మొత్తం చిప్ గ్రౌండ్ కాలు గుండా 70కి మించి పోకూడదని కింది వరుసలో రాసి ఉంటుంది. ఎనిమిది ఇరవైలు నూట అరవై. చిప్ వెంటనే చావదు, అదే మోసం. కొన్నాళ్లకు కొన్ని నిలువు వరుసలు మసకబారవచ్చు. దాని బదులు టిపిఐసి 6బి595 పెడితే కాలికి 150 మిల్లీ యాంపియర్లు హాయిగా లాగుతుంది. కాకపోతే అది ‘ఒకటి’గా గుర్తించడానికి సరఫరాలో 85 శాతం, అంటే 5 వోల్టులకు 4.25 వోల్టులు అడుగుతుంది. 3.3 వోల్టుల మైక్రోకంట్రోలర్‌తో నేరుగా కలిపే మాటే లేదు. యుఎల్‌ఎన్ 2803 అనే డార్లింగ్టన్ ట్రాన్సిస్టర్ల చిప్‌ను వాడవచ్చు గానీ, 200 మిల్లీ యాంపియర్ల దగ్గర దాని మీదే దాదాపు ఒక వోల్టు పోతుంది. 5 వోల్టుల సరఫరాలో దీపానికి రెండు, దానికి ఒకటి పోగా రెసిస్టర్‌కు మిగిలేది తక్కువ. తోషిబా వారి టిబిడి 62083 అదే కాళ్ల అమరికతో, లోపల మోస్‌ఫెట్‌లతో (మరో రకం ట్రాన్సిస్టర్లతో) వస్తుంది కాబట్టి ఈ నష్టం తగ్గుతుంది.

సొంతంగా కట్టినవారందరినీ పీడించే భూతం ఒకటుంది: ఆరి ఉండాల్సిన పక్క వరుసలో అదే బొమ్మ నీడలాగా సన్నగా కనిపించడం. మొదట ప్రోగ్రామ్‌లో తప్పనుకున్నాను. అసలు కారణం, ఆపిన వరుస స్విచ్ వెంటనే ఆగకపోవడం. వరుసను నడిపే పి-చానెల్ మోస్‌ఫెట్ గేటు, అంటే దాన్ని తెరిచి మూసే కాలు, ఒక చిన్న కెపాసిటర్ లాంటిది. దాన్ని ఖాళీ చేసే రెసిస్టర్ 10 కిలో ఓములైతే, ఒక నానోఫారడ్ గేటుకు దాదాపు పది మైక్రోసెకన్లు పడుతుంది. ఈలోగా కొత్త వరుస సమాచారం నిలువు వరుసల్లోకి వచ్చేస్తుంది, పాత వరుసలో మసకగా వెలుగుతుంది. రెసిస్టర్‌ను ఒక కిలో ఓముకు తగ్గించి, క్రమాన్ని మార్చాను: ముందు అంతా ఆర్పడం, వరుస మార్చడం, కొద్ది మైక్రోసెకన్లు ఆగడం, కొత్త సమాచారాన్ని కాళ్ల మీదికి ఎక్కించి నిలపడం, అప్పుడు వెలిగించడం. భూతం పోయింది.

ఇక పోనిది ఒక భయం. సొంత బోర్డులో వరుసలు తిప్పేది మన ప్రోగ్రామే. పదహారు వరుసలను సెకనుకు వంద చుట్లు తిప్పాలంటే ప్రతి 0.625 మిల్లీ సెకనుకోసారి ప్రాసెసర్ వచ్చి వరుస మార్చాలి. సీరియల్ తీగ మీద వచ్చే పాల లెక్కలు చదువుతూ ఎక్కడో చిక్కుకుపోతే, ఒక వరుస మాత్రమే వెలుగుతూ ఉండిపోతుంది. 80 మిల్లీ యాంపియర్లను కాలంలో పదహారో వంతు మోయడానికి సిద్ధమైన దీపం మీద ఆ 80 అలాగే నిలిచిపోతే అది ఎంతోసేపు బతకదు. నా దగ్గర ఒక వరుసలో పదకొండు దీపాలు అలా పోయాయి. ప్రోగ్రామ్ చిక్కుకుపోయిందని కనిపెట్టే వాచ్‌డాగ్‌తో ఆర్పే ఏర్పాటు పెట్టాను. పెట్టాక కూడా రాత్రిపూట ఆ బోర్డు గుర్తొస్తే నిద్ర సరిగా పట్టలేదు.

మధ్యలో రెండు ఖరీదైన దారులు కూడా చూశాను, వాటి గురించి ఎక్కువ చెప్పను. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి టిఎల్‌సి 5940లో 16 చానెళ్లు, ఒక్కోదానికీ 4096 మెట్ల వెలుగు, దీపానికో రెసిస్టర్ లేకుండా స్థిరమైన కరెంటు ఉంటాయి. అయితే వెలుగు మెట్లు లెక్కపెట్టే గడియారపు సంకేతాన్ని బయటి నుంచి మనమే ఇవ్వాలి. పదహారు వరుసలను సెకనుకు వంద చుట్లు తిప్పితే ఆ గడియారం ఆరున్నర మెగాహెర్ట్జ్‌లు దాటాలి. రంగుల ఛాయలు చూపించే బొమ్మలకు అది సబబు. ఫ్యాట్ 6.2 అని ఎర్రగా చూపించడానికి అవసరం లేదు. లుమిసిల్ వారి ఐఎస్ 31ఎఫ్‌ఎల్ 3731 తక్కువ తీగలతో ఎక్కువ దీపాలు నడిపే చార్లీప్లెక్సింగ్ పద్ధతిలో 144 దీపాలను, ఒక్కోదాన్నీ 256 మెట్లలో నడుపుతుంది, 2.7 వోల్టుల నుంచే పనిచేస్తుంది కాబట్టి వోల్టేజీ మార్చే గొడవ లేదు. అరచేతిలో పట్టే పరికరానికి ముచ్చటైన చిప్. ఎండలో వేలాడదీసే బోర్డుకు పుట్టినది కాదు.

చివరికి నిలబడింది, దుకాణాల ముందు పాకే అక్షరాల బోర్డుల్లో మనం రోజూ చూసే పి10 పలక. పేరులోని పది, దీపానికీ దీపానికీ మధ్య పది మిల్లీమీటర్ల ఎడం. 32 నిలువు, 16 అడ్డం, మొత్తం 512 దీపాలు, 320 మిల్లీమీటర్ల పొడవు, 160 ఎత్తు. డ్రైవర్ సర్క్యూట్ విడిగా కొనే పని లేదు, పలక వెనకే ఉంటుంది. వెనక్కి తిప్పి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది: ఏ గొప్ప చిప్పూ లేదు. పదహారు 74హెచ్‌సి595లు, వరుసను ఎంచే ఒక 74హెచ్‌సి138, జంట మోస్‌ఫెట్‌లున్న కొన్ని 4953లు, సంకేతాలకు బలమిచ్చే 74హెచ్‌సి245లు. నేను సొంతంగా కట్టి విసిగిపోయిన సరుకే దాదాపు అంతా. తేడా ఎక్కడుందంటే, పదహారు వరుసలున్నా పలక వాటిని నాలుగు విడతల్లోనే తిప్పుతుంది. ఒకేసారి 0, 4, 8, 12 వరుసలు వెలుగుతాయి, తర్వాత 1, 5, 9, 13, అలా. ఒక్కో దీపానికి కాలంలో నాలుగో వంతు దక్కుతుంది.

ఈ ఒక్క నిర్ణయం నా కష్టాల్లో చాలావాటిని మాయం చేసింది. సగటున 5 మిల్లీ యాంపియర్లకు వెలిగే క్షణంలో 20 చాలు. ఒకేసారి వెలిగేవి 128 దీపాలు కాబట్టి మొత్తం 2.56 యాంపియర్లు. పదహారు వరుసలను ఒక్కొక్కటిగా తిప్పి, 32 నిలువు వరుసలకు 80 చొప్పున ఇచ్చినా మొత్తం సరిగ్గా అదే 2.56. వెలుగూ అంతే, కరెంటూ అంతే. కానీ అక్కడ అదంతా ఒకే వరుస స్విచ్ నెత్తిన పడుతుంది, ఇక్కడ నాలుగు వరుసలకు పంచుకుపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, ప్రాసెసర్ ఆగిపోయి ఒక విడత దీపాలు అలాగే వెలుగుతూ ఉండిపోయినా వాటి మీద ఉండేది 20 మిల్లీ యాంపియర్లు. మామూలు దీపం రోజంతా మోయగలిగిన బరువు. ప్రయత్నించి చూశాను. కావాలనే ప్రోగ్రామ్‌ను ఆపి ఒక రాత్రంతా అలా వదిలేశాను. తెల్లారి చూస్తే ఒక్క దీపమూ పోలేదు. దీనికి చెల్లించిన మూల్యం, 32 నిలువు వరుసలకు బదులు 128 నిలువు గీతలు, వాటికి పదహారు షిఫ్ట్ రిజిస్టర్లు. చిప్‌లు ఇంత చవకైన రోజుల్లో అది మూల్యమే కాదు.

పలకలో లోపాలు లేకపోలేదు. వెలుగు మెట్లు లేవు; మసకబారించాలంటే దీపాలన్నిటినీ ఒకేసారి ఆర్పి వెలిగించే ఓఇ (అవుట్‌పుట్ ఎనేబుల్) అనే తీగను మనమే వేగంగా ఆర్పి వెలిగించాలి. ఆ తీగ ఏ స్థితిలో వెలుగుతుందో అన్ని పలకల్లోనూ ఒకేలా ఉంటుందని నమ్మకుండా, మొదట ఒక్క పలకతో పరీక్షించుకోవాలి. లోపలికి వచ్చే సంకేతాలను అందుకునేవి హెచ్‌సి రకం చిప్‌లు కాబట్టి ఇక్కడా 3.3 వోల్టులు చాలవు. మ్యాక్స్ 7219 కోసం కొన్న ఆ 74హెచ్‌సిటి125నే దీనికి తెచ్చి పెట్టాను. వరుసలు తిప్పే భారం మళ్లీ మన ప్రాసెసర్‌దే, ఆ సుఖం మాత్రం మ్యాక్స్ 7219కే చెల్లింది. రెండు పలకలకు ఒక విడత సమాచారం 256 బిట్లు, అంటే 32 బైట్లు. 4 మెగాహెర్ట్జ్‌ల వేగంతో 64 మైక్రోసెకన్లలో వెళ్లిపోతుంది. ఆ పంపే పని ముందు విడత దీపాలు వెలుగుతుండగానే జరుగుతుంది కాబట్టి వెలుగు తగ్గదు.

తెలుగు అక్షరాల అమరిక గురించి ఒక మాట. ఒత్తులూ గుణింతాలూ ఎక్కడ కూర్చోవాలో తేల్చే పని మైక్రోకంట్రోలర్‌కు అప్పగించలేదు. కేంద్రంలోని కంప్యూటర్ మీద పేరును బొమ్మగా గీయించి, ఆ గళ్లనే పంపించాను. 64 గళ్ల వెడల్పున్న పేరుకు 128 బైట్లు. రెండు వందల మంది రైతులకు పాతిక కిలోబైట్లు. 32 కిలోబైట్లున్న మామూలు ఆర్డుయినో మైక్రోకంట్రోలర్ పలకలో ప్రోగ్రామ్‌తో కలిపి ఇరుకవుతుంది, ఇఎస్‌పి 32లో ఆ ఆలోచనే అక్కర్లేదు. గీసిన బొమ్మలను ఒక్కొక్కటి కళ్లతో చూసి, గళ్లు కలిసిపోయిన చోట చేత్తో దిద్దాల్సి వచ్చింది. ‘శ్వ’, ‘ర్లు’ రెండూ పక్కపక్కన వచ్చే పేర్లే ఎక్కువ సతాయించాయి.

ఇక ఆ నాలుగో కోరిక. బోర్డు తగిలించిన మూడో రోజు సాయంత్రం ఒక పెద్దాయన తన ఫోన్ తెచ్చి నాకు చూపించారు. “అబ్బాయ్, నీ బోర్డు బాగానే ఉంది గానీ, ఫోటోలో అంకె సగమే వచ్చిందయ్యా. రేపు లెక్క తేడా వస్తే నేనేం చూపించను?” అన్నారు. అంతవరకూ నాకు తట్టనే లేదు, రైతులు పాలు పోయగానే బోర్డును ఫోటో తీసి దాచుకుంటున్నారు. కాగితం చీటీ కంటే వాళ్లకు అదే నమ్మకం.

చూస్తే నిజమే. నేను లైబ్రరీ ఇచ్చినట్టే సెకనుకు వంద చుట్లు తిప్పుతున్నాను. చుట్టుకు పది మిల్లీ సెకన్లు, విడతకు రెండున్నర. కంటికి అది నిలకడైన వెలుగే. ఎండలో ఫోన్ కెమెరా కన్ను తెరిచేది సెకనులో వెయ్యో వంతు, అంటే ఒక మిల్లీ సెకను. ఆ క్షణంలో ఏ విడత వెలుగుతుంటే అదే పడుతుంది, మిగతా వరుసలు నల్లగా వస్తాయి. తెల్లవారుజామున వెలుతురు తక్కువ కాబట్టి కెమెరా ఎక్కువసేపు తెరుచుకుంటుంది, అప్పుడు ఫోటోలు బాగానే వచ్చాయి. అందుకే మొదటి రెండు రోజులు ఉదయం పూట పరీక్షించిన నాకు ఈ సంగతి కనిపించలేదు. విడతను 250 మైక్రోసెకన్లకు తగ్గించాను. సమాచారం పంపడానికి 64 చాలు కాబట్టి కాలం మిగిలింది. చుట్టు ఒక మిల్లీ సెకనుకు దిగి, సెకనుకు వెయ్యి చుట్లయ్యాయి. వెయ్యో వంతు సెకను తెరిచిన కెమెరాలో ఇప్పుడు ఒక పూర్తి చుట్టు పడుతుంది. రెండు వేలో వంతు తెరిస్తే మళ్లీ సగమే వస్తుంది, అంత ఎండ మా బోర్డు మీద పడేది కొద్దిసేపే. మ్యాక్స్ 7219 తన చుట్టును సెకనుకు ఉరమరగా 800 సార్లు తనంతట తానే తిప్పుతుంది, దాని వేగాన్ని మనం మార్చలేం, మార్చాల్సిన పనీ సాధారణంగా రాదు. ఫోటోల సంగతి ముందే తెలిసి ఉంటే ఆ చిప్‌కు ఇంకో రెండు మార్కులు ఎక్కువ వేసేవాణ్ని.

విద్యుత్ సరఫరా దగ్గర పొదుపు చేయబోయి ఒకసారి దెబ్బతిన్నాను. రెండు పలకల దీపాలన్నీ వెలిగితే 5 యాంపియర్లు దాటతాయి. అక్షరాలు నిండు పలక కాదు కాబట్టి నిత్యం అందులో చాలా తక్కువే పడుతుంది. అయినా సన్నని తీగతో మూడు మీటర్ల దూరం నుంచి ఇస్తే, తీగలో 0.1 ఓము ఉన్నా చాలు, అయిదు యాంపియర్లకు అర వోల్టు అక్కడే పోతుంది. అంకెలు ఎక్కువగా వెలిగినప్పుడు బోర్డు మొత్తం కొద్దిగా మసకబారడం, అప్పుడప్పుడూ చివరి పలకలో అక్షరాలు చెదరడం దీనివల్లే. ఇప్పుడు 10 యాంపియర్ల సరఫరాను బోర్డు పెట్టెలోనే పెట్టి, ఒక్కో పలకకు విడివిడిగా దళసరి తీగ ఇచ్చాను. పెట్టెకు అడుగున, నెత్తిన గాలి రంధ్రాలు చేసి లోపలి వైపు దోమల జాలి బిగించాను. పాల కేంద్రంలో ఈగలకు, బల్లులకు కొదవ లేదు.